సూది చేతికిచ్చే ముందు

సంపాదకుడు గారికి,

సౌందర్య చికిత్సలు నేర్చుకునేవారికి మార్గదర్శకులుగా ఉండేందుకు అనుభవజ్ఞులు ముందుకు రావడం సంతోషమే. కానీ చేయి తిరిగినంత మాత్రాన నేర్పడం రాదు.

ముఖంపై ముడతలు తగ్గించేందుకు కండరాలను సడలించే సూదిమందు బొటాక్స్ సంగతే చూడండి. 100 యూనిట్ల సీసాలో 2.5 మి.లీ. సెలైన్ కలిపితే 0.1 మి.లీ.లో 4 యూనిట్లుంటాయి. 1 మి.లీ. మాత్రమే కలిపితే అదే 0.1 మి.లీ.లో 10. ఈ లెక్క తప్పితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. అందుకే ఎంత కలిపారో, ఎప్పుడు కలిపారో సీసా మీద రాయించాలి, లెక్క పైకి చెప్పించాలి. ఒక కంపెనీ యూనిట్లు మరో కంపెనీ యూనిట్లకు సమానం కావు, ఇదీ మొదటిరోజే చెప్పాలి. కనుబొమల దగ్గర సూది కనుగుంట ఎముక అంచుకు కనీసం 1 సెం.మీ. పైన ఉండాలి. కిందికి దిగితే మందు రెప్పనెత్తే కండరానికి పాకి రెప్ప వాలిపోతుంది. ఫలితం పూర్తిగా తేలేది సుమారు 2 వారాలకు. ఆ పరీక్షకు విద్యార్థి కూడా రావాలి. తన పని ఫలితం చూడకపోతే ఏం నేర్చుకున్నట్టు?

ఫిల్లర్లతో, అంటే ముఖంలో లోతులు పూడ్చేందుకు చర్మం కిందికి ఎక్కించే జెల్‌లతో, ప్రమాదం ఇంకా పెద్దది. జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం పాలిపోతుంది, ఆపై వలలాంటి మచ్చలు తేలతాయి. కంటి నాళాలకు చేరితే చూపే పోవచ్చు. హైలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్ వాడేటప్పుడు దాన్ని కరిగించే హైలురోనిడేజ్ గదిలో లేకపోతే సూది ముట్టనివ్వకూడదు.

నలుగురైదుగురిని ఒకేసారి వెంటేసుకోవడం మాకు సమ్మతం కాదు. "ఆగు" అనగానే ప్లంజర్ (సిరంజిలో మందును నెట్టే కడ్డీ) మీద నుంచి వేలు తీసేలా అలవాటు చేయాలి, ఆ మాట అనగలిగేంత దగ్గరలో మనముండాలి. సూది వేసేది శిక్షణలో ఉన్నవారని ముందే చెప్పి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి.

ఇట్లు,
సౌందర్య చికిత్సల శిక్షకులు