ఊరి బియ్యం గురించి ఒక మాట

అందరికీ నమస్తే. నిన్న రాత్రే ఊరి నుంచి వచ్చి ఉప్పల్‌లో దిగాను. కోతలు సగం అయ్యాయి. మా బాబాయి కొనుగోలు కేంద్రం దగ్గర వడ్లు ఆరబోసి తొమ్మిది రోజులైంది. తేమ 17 శాతానికి దిగితేగానీ కాంటా పెట్టరు. మబ్బు పట్టిందంటే చాలు, పిన్ని తింటున్న కంచం వదిలేసి పరదాలు కప్పడానికి పరుగు.

2025-26కి ‘ఏ’ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. కానీ డబ్బు పడేలోపే హార్వెస్టర్ కిరాయి, ఎరువుల బాకీ గుమ్మంలో కూర్చుంటాయి. ఆగలేనివాళ్లు కల్లం దగ్గరే తక్కువకి అమ్మేసి, ఎండాకాలంలో మనలాగే బియ్యం కొనుక్కుంటున్నారు. కూలీల ఇళ్లది ఇంకో బాధ. మిషన్ వచ్చాక కోత పనీ లేదు, ఇంటికొచ్చే గింజలూ లేవు. రేషన్‌లో మనిషికి వచ్చే 6 కిలోలే ఆధారం.

నా ఆలోచన ఏంటంటే, మనం ఎలాగూ బియ్యం కొంటాం. సగం డబ్బు ఇప్పుడే ఇస్తే మా ఊరి రైతులు వడ్లు అమ్మకుండా దాచి, ఉగాదికి మర పట్టించి పంపుతారు. కొత్త బియ్యం ఎలాగూ ముద్దవుతుంది, మా ఇంట్లో అయితే దానికే గొడవ! ఎవరికి ఎన్ని బస్తాలు కావాలో ఆదివారంలోపు ఇక్కడే రాయండి. మధ్యలో గుడ్ మార్నింగ్ ఫొటోలు పెట్టకండి, లెక్క కలవదు.