గల్లా దగ్గర కూర్చున్న తమ్ముడికి

బర్మింగ్‌హామ్ నుంచి

చి. తమ్మునికి అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు క్షేమం. అక్కడ అమ్మ, బాపు, మరదలు, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వుకుంటావు. ఏం చేయను? నేను ఫోన్ చేస్తే నీకు గిరాకీ, నువ్వు చేస్తే నాకు డ్యూటీ. మొన్న కూడా మాట మధ్యలో ఎవరో పట్టుచీరలు చూపించమన్నారని ‘మళ్ల చేస్తనక్కా’ అని పెట్టేశావు. ఆ ‘మళ్ల’ ఇంకా రాలేదు. అందుకే రాసి పంపుతున్నా. గల్లాలో పెట్టుకో, బేరాలు లేని మధ్యాహ్నం పూట తీసి చదువుకో.

మరదలు నీ రిపోర్టు ఫొటో పంపింది. దాని మీద గరం కాకు, నేనే అడిగాను. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 6.1 ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వచ్చేసినట్టు కాదు, రావడానికి గడప దాకా వచ్చినట్టు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు. మన దేశపు వాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, 23 దాటితేనే బరువు ఎక్కువ అంటారు, 25 దాటితే ఊబకాయం. నీది 30 దాటింది. ‘మన ఇంట్ల అందరం ఇట్లనే ఉంటం’ అని బాపు అంటాడు. బాపు 30 ఏళ్లు సైకిల్ తొక్కాడని ఆయనకు గుర్తు చెయ్యి.

ఒక మంచి మాట కూడా ఉంది. అమెరికాలో నీలాగే అంచున ఉన్న మూడు వేల మందికి పైగా జనం మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. బరువులో ఏడు శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయాలి అని పెట్టుకున్న వాళ్లలో, మామూలు సలహా, ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన వాళ్లకంటే షుగర్ రావడం 58 శాతం తక్కువ. నీకు ఏడు శాతం అంటే ఆరు కిలోలు. పెళ్లి ఫొటోలో ఉన్నట్టు కావాలని ఎవరూ అడగడం లేదు. ముందు ఆరు కిలోలు చూడు.

దేనికైనా నీ జవాబు ఒకటే, ‘టైం ఎక్కడిదక్కా?’ అబద్ధమని నేను అనను. పొద్దున పిల్లల్ని బడిలో దింపాలి, పది కల్లా షట్టర్ ఎత్తాలి, రాత్రి తొమ్మిదిన్నర దాకా బట్టల బజార్ నుంచి కదలలేవు. పెళ్లిళ్ల సీజన్ వస్తే అదీ లేదు. కాబట్టి హన్మకొండలో జిమ్‌కు ఏడాది ఫీజు కట్టమని చెప్పను. నాకూ పన్నెండు గంటల డ్యూటీలే, ఇంటికొచ్చాక నడకకు పోయే ఓపిక ఎవరికి ఉంటుంది? నాకు తెలిసిందల్లా, బరువు పెరిగింది ఈ తీరిక లేని గంటల్లోనే, తగ్గినా ఆ గంటల్లోనే తగ్గాలి. వేరే గంట కోసం వెతికితే అది దొరకదు.

మొదలు చాయ్ సంగతి. పోయినసారి వచ్చినప్పుడు ఒక పూటంతా నీ దుకాణంలో కూర్చుని చూశాను. సూరత్ నుంచి ఏజెంట్ వస్తే చాయ్, పెళ్లివాళ్లు వస్తే చాయ్, పక్క షాపాయన ఊరికే వచ్చి నిలబడినా చాయ్. వాళ్లు తాగి పోతారు, నువ్వు అందరితోనూ తాగుతావు. రోజుకు ఆరు అనుకో. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే పది గ్రాములు, ఆరు కప్పులకు 60 గ్రాములు. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 25 నుంచి 30 గ్రాములు దాటొద్దంటుంది. ఆ 60 గ్రాముల్లో 240 కేలరీలు ఉంటాయి, నెలకు 7,200. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700. ఒళ్లు మన గల్లా పుస్తకంలా పైసా పైసా లెక్క చూడదు గానీ, దోవ మాత్రం ఇదే. అందులో ఒక్క కప్పుతోనైనా ఆకలి తీరింది లేదు.

వచ్చినవాళ్లకు చాయ్ పోయకుండా ఉండమని నేను అనను, వరంగల్‌లో దుకాణం నడవదు. చాయ్ హోటల్ అతనికి ఒకసారి చెప్పిపెట్టు, నీ గ్లాసు వేరే రంగుది, చక్కెర లేనిది. రోజుకు రెండే. మిగతాసార్లు చేతిలో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చో, ఎవరూ పట్టించుకోరు. మొదటి వారం నోరు చేదుగా అనిపిస్తుంది, తర్వాత చక్కెర చాయ్ తాగితే పానకంలా ఉంటుంది. బెల్లం వేసుకుంటా అంటావేమో, బెల్లమూ చక్కెరే. చాయ్‌తో పాటు వచ్చే ఉస్మానియా బిస్కెట్ గురించి నేను వేరే రాయాలా?

సాయంత్రం నాలుగున్నరకు నీ దుకాణంలో మిర్చి బజ్జీల పొట్లం విప్పుతారు. ఆ పూట నీకు ఆకలి నిజంగానే అవుతుంది, అది ఆపుకుంటే రాత్రి రెండింతలు తింటావు. మరదలితో బబ్బెర గుడాలో, శనిగ గుడాలో, పెసర గుడాలో ఒక చిన్న డబ్బాలో పెట్టించుకో. రాత్రి నానబెడితే పొద్దున కుక్కర్‌లో కొన్ని కూతలకే అయిపోతుంది, పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అమ్మ చేసినట్టు పోపులో ఎండుమిర్చి వేస్తే బజ్జీ యాదికే రాదు. అది కుదరని రోజు రెండు ఉడికిన గుడ్లు, పన్నెండు గ్రాముల ప్రోటీన్. పని కుర్రాళ్లకు బజ్జీలు తెప్పించు, పొట్లం మాత్రం నీ బల్ల మీద విప్పనీయకు. మా ఆసుపత్రి వార్డులో రోగుల ఇంటివాళ్లు ఇచ్చిన చాక్లెట్ డబ్బాలు, బిస్కెట్లు ఎప్పుడూ బల్ల మీదే ఉంటాయి. ఆకలి లేకున్నా పోతూ వస్తూ అందరి చెయ్యీ అందులోకే పోతుంది. మాతో పనిచేసే నర్సు ఒకామె వాటిని అల్మారా పైఅరలో పెట్టింది. తినేవాళ్లు ఇంకా తింటున్నారు గానీ డబ్బా వారం రోజులు వస్తోంది.

పగటి సద్దిగిన్నెలో మూడొంతులు అన్నమే ఉంటుంది, ఒక మూలకు కూర. దాన్ని తిప్పేస్తే చాలు. అన్నం ఇప్పుడు తినేదాంట్లో సగం, ఆ ఖాళీలో కూరగాయ కూర, గట్టి పప్పు. అన్నం కంటే ముందు కూర సగం తిను. పెరుగన్నం మానకు, అందులో అన్నం తగ్గించు. అన్నం బంద్ చేసి మూడు పూటలా జొన్నరొట్టె తింటే సన్నబడతామని మీ వాళ్లందరికీ ఒక నమ్మకం. జొన్నలు మంచివే, పీచు ఉంటుంది, నమిలి తినాలి కాబట్టి తొందరగా కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ నూరు గ్రాముల జొన్నల్లో, నూరు గ్రాముల బియ్యంలో కేలరీలు ఇంచుమించు సమానం. నాలుగు రొట్టెలు నెయ్యి రాసుకుని తిని జొన్నలు పనిచేయలేదంటే ఎట్లా?

మరదలికి ఒక మాట చెప్పు, లేకపోతే ఈ పేరా ఆమెకే చదివించు. నూనె డబ్బా తెరిచినరోజు దాని మీద తేదీ రాయమను. మీరు ఇంట్లో పిల్లలతో కలిపి ఆరుగురు. ఆరు లీటర్లు నెలలో అయిపోతే మనిషికి లీటరు, అంటే రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. బయట తిన్నది దీనికి అదనం. చెంచాతో పోస్తే తెలుస్తుంది, డబ్బా వంచి పోస్తే తెలియదు. వంట ఆమె చేస్తుంది కాబట్టి తప్పు ఆమె మీదికి నెట్టకు. నూనె తేలని కూరను పళ్లెంలో చూసి మొఖం మాడ్చేది నువ్వే.

అసలు కష్టం రాత్రి భోజనం. పదిన్నరకు వచ్చి, టీవీ ముందు ఆబగా తిని, పదకొండున్నరకు పడుకుంటావు. పొద్దున ఆరింటికి లేవాలి కాబట్టి నిద్ర ఆరున్నర గంటలకు మించదు. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుంది. మర్నాడు చాయ్, బజ్జీల మీదికి మనసు పోయేది సగం అందుకే. ఏడున్నరకు దుకాణానికి రెండు రొట్టెలు, కూర పంపించుకో. బండి మీద పది నిమిషాల దారే, లేదంటే మధ్యాహ్నం గిన్నెతోనే తెచ్చుకో. ‘పిల్లలతో కూర్చుని తినేది ఆ ఒక్క పూటనే అక్కా’ అంటావని తెలుసు, ఆ మాట కాదనలేను. కూర్చో. మజ్జిగ గ్లాసుతో కూర్చో, వాళ్లు తింటుంటే బడి ముచ్చట్లు విను. ఆదివారం మాత్రం పగలు అందరితో కలిసి కడుపునిండా తిను.

నడక గురించి. భద్రకాళి బండ్ మీద గంట నడవాలని అందరూ చెబుతారు. ఆదివారం పిల్లల్ని తీసుకుని పో, చల్లగా ఉంటుంది. మిగతా ఆరు రోజులు కుదరదు, కుదరకపోయినా ఫరవాలేదు. వారానికి 150 నిమిషాలన్నది ఎన్ని ముక్కలుగానైనా చేసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పగటి అన్నం తిన్నాక పది నిమిషాలు, రాత్రి రొట్టె తిన్నాక పది నిమిషాలు బజారులో అటు ఇటు తిరుగు. తిన్న వెంటనే నడిస్తే రక్తంలో చక్కెర అంతగా ఎగరదు, నీకు కావాల్సింది అదే. బండిని దుకాణం మెట్ల దాకా తెచ్చి ఇరికించడం మాని కొంచెం దూరంలో పెట్టు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు లేచి నిలబడు. పైఅంతస్తులో ఉన్న తానులు కావాలంటే ‘ఒరేయ్’ అని కేకేయకుండా నువ్వే ఎక్కు. రోజుకు పది వేల అడుగులు పడాలని ఫోన్ చూసుకుని బాధపడొద్దు, ఏడు వేలకు వచ్చినా చాలా లాభం ఉంది.

నడక ఒక్కటే అయితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. వారంలో రెండు రోజులైనా కండకు పని చెప్పాలి. బడిలో లెక్కల సారు నీతో తీయించిన గుంజీలు ఉన్నాయి కదా, అవే. స్నానానికి ముందు పదిహేను గుంజీలు, గోడకు చేతులు ఆనించి పదిహేను దండీలు, కాస్త ఆగి మళ్లీ ఒకసారి. వేడినీళ్లు కాగే లోపు అయిపోతుంది. మోకాళ్లు నొప్పి పెడితే కుర్చీలో కూర్చుని లేవడంతో మొదలుపెట్టు.

ఇక దావత్‌లు. సకినాలు, సర్వపిండి, గారెలు ఏడాదికి నాలుగుసార్లు వస్తాయి, వాటితో ఎవరూ లావు కాలేదు. (నాకు పంపే డబ్బా ఈ వంకన ఆపారంటే ఊరుకోను.) వారం వారం జరిగే స్నేహితుల దావత్‌తోనే తంటా. మద్యంలో గ్రాముకు ఏడు కేలరీలు, కొవ్వు తర్వాత అంత ఎక్కువ ఉన్నది అదే. పైగా అది పడ్డాక ఎంత మటన్ వేపుడు తిన్నామో లెక్క ఉండదు. నెలకు ఒకసారి చేసుకో. బగారా అన్నం, మటన్ కూర ఒక పళ్లెం శుభ్రంగా తిను. ఈ ముక్క బాపుకు చదివి వినిపించకు.

నువ్వడిగిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతి. ఇక్కడి నుంచి పంపను. అవి ఫ్రిజ్‌లో ఉండాల్సినవి, డాక్టర్ రాసి ఇవ్వాల్సినవి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకే వచ్చాయి. అవి పనిచేస్తాయి, నేను వాటికి వ్యతిరేకిని కాదు, మా దగ్గర వాడేవాళ్లను రోజూ చూస్తాను. వాంతులు, వికారం, మలబద్ధకం కూడా చూస్తాను. వెగోవీలో ఉండే మందు ఆపేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనలో తేలింది. నీకు అవసరమో కాదో మీ డాక్టర్ చెప్పాలి, వాట్సాప్‌లో అమ్మేవాడు కాదు. తెలిసినవాళ్లు అంటగట్టే షేక్ పొడులకు, ‘నెలకు పది కిలోలు’ కషాయాలకు మాత్రం పైసా పెట్టకు. వారానికి అరకిలో నుంచి కిలో తగ్గితే అది మంచి వేగం.

బరువు వారానికి ఒకసారే చూడు, పొద్దున్నే, ఏమీ తినకముందు. మొదటి రెండు వారాల్లో దిగేది కొంత నీళ్లే, సంబరపడి దావత్ ఇయ్యకు. తర్వాత ముల్లు కదలని వారాలు వస్తాయి, అప్పుడు నీ దుకాణంలోని టేపు తీయి. పక్కటెముకల చివరకు, తుంటి ఎముకకు నడుమ చుట్టి, ఊపిరి వదిలి చూడు. నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలని ఇక్కడి డాక్టర్లు 2022 నుంచి చెబుతున్నారు, అంటే నీకు 85 సెంటీమీటర్లు. పొట్ట లోపలికి గుంజి కొలవకు. గిరాకీకి గుడ్డ కొలిచినంత నిజాయితీగా కొలువు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ నెల చాయ్, రాత్రి తిండి, ఈ రెండే. మూడు నెలల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇచ్చి రిపోర్టు నాకు పంపు, ఈసారి నువ్వే పంపు.

అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందో ఎవరూ చెప్పడం లేదు. ఆమె మందుల చీటీ రెండువైపులా ఫొటో తీసి పంపు. చిన్నోడి స్వెటర్ కొలత కూడా రాయి, మీ బావ డిసెంబర్‌లో వచ్చేటప్పుడు తెస్తాడు.

మీ అక్క