బావా, ఆ కుటుంబాల రిజిస్టరు మూసి ముందు వీధులు తిరుగు

పాలకొల్లు దగ్గర మా ఊరి నుంచి,
10 జనవరి 2026

ప్రియమైన బావా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. అదే రోజు రోములో పోపుగారు పవిత్ర ద్వారం మూసి మన కతోలికుల జూబిలీ సంవత్సరం ముగించారు. ఇక్కడ మా కాలవ కింద దాళ్వా నాట్లు జోరుగా పడుతున్నాయి, మా ఆవిడ పొద్దున్నే చేలోకి వెళ్లింది. అందుకే ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మీ ఫాదర్‌గారు నిన్ను విచారణ (ఆయన గుడి కింద ఉండే ఊళ్లూ కుటుంబాలూ అన్నీ) సలహా సంఘానికి కార్యదర్శిని చేశారని, ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలంలోగా విచారణంతా, ఇరుగుపొరుగు ఇళ్లల్లో కూడుకుని వాక్యం చదువుకునే చిన్న క్రైస్తవ సమాజాలుగా విడదీసి ప్రణాళిక తెమ్మన్నారని చదివి చాలా సంతోషించాను. ఫిబ్రవరి 18న విభూది బుధవారం, ఆ రోజే తపస్సుకాలం మొదలు. అంటే నీకు అయిదు వారాలు దాటి టైముంది. "మీ దగ్గర బాగా నడుస్తున్నాయంట కదా, మీ ప్రణాళిక కాగితం ఒక కాపీ పంపు" అన్నావు. కాగితం పంపను బావా. కాగితం మీద చేసినందుకే మాకు మొదటిసారి చెడింది. ఆ సంగతే ముందు చెబుతాను.

పదేళ్ల కిందట ఒక ఆదివారం పూజ అయ్యాక కుటుంబాల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాం. రెండొందల లోపు కుటుంబాలు. సాయంత్రం టీ వచ్చేసరికి తొమ్మిది సమాజాలు తయారు. ఒక్కోదానికి ఒక్కో పునీతుడి పేరు పెట్టాం, బ్యానర్లు కొట్టించాం, ప్రారంభం రోజు పీఠం ముందు తొమ్మిది కొవ్వొత్తులు వెలిగించాం. గుడంతా చప్పట్లు. ఏడాది తిరిగేసరికి రెండే మిగిలాయి. మిగతా ఏడూ ఎప్పుడు ఆగిపోయాయో కూడా మాకు తెలియదు, ఆగిపోయాయని ఎవరూ వచ్చి చెప్పలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. ఒక ఇంట్లో దీపం ఆరిపోతే పక్కింటివాళ్లకి తెలియాలి కదా.

బతికిన రెండూ ఏవంటే, ఒకటి మా కాలవగట్టు లైను, రెండోది గోదావరి మధ్య లంక. చాలాకాలం కారణం తెలియలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. ఆ రెండుచోట్లా మేం విడదీయలేదు. అక్కడివాళ్లు ముందే ఒకటిగా ఉన్నారు, మేం పేరు పెట్టామంతే. మిగతా చోట్ల రిజిస్టరు నంబర్ల వరస చూసి, మురుగుకాలవకి అవతలివాళ్లనీ ఇవతలివాళ్లనీ కలిపేశాం. రాత్రి ఏడింటికి ఆడవాళ్లు ఆ కాలవ మీద వేసిన తాటిపట్టె దాటి వస్తారా? రారు. ఇంకోమాట కూడా నీకు చెప్పాలి, బయట అనలేం కానీ. పేటకీ పేటకీ మధ్య ఉన్న గీత మన గుళ్లోకీ వచ్చి కూర్చుంది. ఒక పేటవాళ్లందర్నీ ఒక సమాజం, ఇంకో పేటవాళ్లందర్నీ ఇంకో సమాజం చేస్తే పని సులువు. మేం ఆ సులువుకే ఒప్పుకున్నాం. అది తప్పు. ఇళ్ల స్థలాలిచ్చిన కొత్త కాలనీలో మాత్రం ఇళ్లు కలగలిసి ఉన్నాయి, అక్కడ రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఆ గీత దానంతటదే పలచబడింది. ఒకరింట్లో ఒకరు కూర్చుని మంచినీళ్లు తాగడం మొదలైంది. అది చూడటానికి నా కళ్లు చాల్లేదు.

అందుకని రెండోసారి రిజిస్టరు మూసేశాం. నలుగురం జంటలుగా విడిపోయి నెలరోజులు ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న అడిగాం: "అర్ధరాత్రి మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరి తలుపు కొడతారు?" ఆ జవాబులు ఒక తెల్లకాగితం మీద గీతలుగా గీసుకుంటే సమాజాలు వాటంతటవే కనబడ్డాయి. ఎవరి ఇంటి తాళం ఎవరి దగ్గరుంటుంది, ఎవరు ఎవరింటికి మజ్జిగ తోడుకి వెళతారు, ఎవరి పిల్లలు ఎవరి అరుగు మీద చదువుకుంటారు, అదే హద్దు. పది పన్నెండు ఇళ్లకి మించనివ్వకు. పదిహేను దాటితే ఎవరు రాలేదో తెలియదు, వెనక కూర్చునేవాళ్లు మొదలవుతారు. ఆ ప్రశ్నకి కొన్ని ఇళ్లలో "ఎవరూ లేరండీ" అన్నారు. ఆ ఇళ్ల పేర్లు వేరే రాసుకో. ఈ పని అంతా ముఖ్యంగా వాళ్ల కోసమే.

మీ సలహా సంఘంలో ఎవరో "ఇది పెంతెకోస్తువాళ్లని చూసి పెట్టుకున్న పద్ధతి" అన్నారని రాశావు. ఆయనకి మెల్లగా చెప్పు. 1960ల్లో లాటిన్ అమెరికాలో గురువులు, అంటే ఫాదర్లు, ఎప్పుడోగానీ రాలేని పల్లెల్లో ఇళ్లల్లో కూడుకుని వాక్యం చదువుకోవడం పెరిగింది, 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు దాన్ని తమదిగా తీసుకున్నారు. 1970ల్లో తూర్పు ఆఫ్రికా బిషప్పులు ఇదే తమ మొదటి పని అన్నారు. 1975లో ఆరవ పౌలు పోపుగారు, 1990లో రెండవ జాన్ పౌల్ పోపుగారు తమ లేఖల్లో వీటి గురించి ప్రత్యేకంగా రాశారు. ఆ 1990లోనే ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఆసియా బిషప్పుల సమాఖ్య కూడుకుని, మన ఆసియాలో తిరుసభ, అంటే మన కతోలిక సంఘం, సమాజాల సహవాసంగా ఉండాలని చెప్పింది. అసలు అంతదూరం ఎందుకు, అపొస్తలుల కార్యాల్లో రెండో అధ్యాయం తీసి చూపించు, ఇళ్లల్లోనే కదా రొట్టె విరిచింది. పైగా మీ విచారణకి ఎన్ని సబ్‌స్టేషన్లు, అంటే ఫాదర్‌గారు ఉండని ఊళ్లు? నెలకొకసారి పూజ దొరికే ఊళ్లున్నాయి. మిగతా మూడు వారాలూ ఆ ఊళ్లో తిరుసభ ఎక్కడున్నట్టు? మనవాళ్లు వేరే సంఘాలకి వెళ్లిపోయారని మనం నొచ్చుకుంటాం. నేను అలా వెళ్లిన ఒకాయన్ని అడిగాను. "నేను మూడు నెలలు మంచాన పడితే గుడినుంచి ఎవరూ రాలేదండీ, వాళ్లు వచ్చారు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక కూడికలు ఎలా జరపాలో చెప్తాను, ఇక్కడ కాస్త ఓపిగ్గా చదువు. మొదట్లో మావి జపమాల, రెండు పాటలు, తర్వాత మాట బాగా వచ్చినాయన అరగంట ప్రసంగం. జనం వినేవాళ్లు, వెళ్లేవాళ్లు. తర్వాత మా సిస్టర్‌గారు ఏడు మెట్ల పద్ధతి నేర్పారు. అది దక్షిణాఫ్రికాలోని లుమ్‌కో సంస్థలో ఫ్రిట్జ్ లోబింగర్, ఓస్వాల్డ్ హిర్మర్ అనే ఇద్దరు గురువులు తయారుచేసింది. చాలా తేలిక. ప్రభువుని పిలుచుకుంటారు, సువిశేష భాగం చదువుతారు, తర్వాత ఎవరికి ఏ మాట తగిలితే ఆ ఒక్క మాట మూడుసార్లు పైకి అంటారు. కాసేపు మౌనం. ఆ పైన ఎవరి మనసులో ఏముందో చెప్పుకుంటారు, అందులో ప్రసంగాలు, వాదనలు ఉండవు. ఆరో మెట్టులో, మన లైనులో ఇప్పుడు మనం చేయాల్సిన పని ఏమిటి అని మాట్లాడుకుంటారు. ఏడోది ప్రార్థన.

మౌనం దగ్గర మావాళ్లు మొదట ఇబ్బంది పడ్డారు. ఒకరు దగ్గుతారు, ఒకరు పాట ఎత్తుకుంటారు. నాలుగైదు వారాలు పట్టింది. ఒకరోజు మార్కు సువిశేషం రెండో అధ్యాయం, పక్షవాతం మనిషిని ఇంటి కప్పు విప్పి దించిన భాగం చదివాం. మా గట్టు లైను మామ్మ ఒకావిడ, చదువు రాదు, ఎప్పుడూ మాట్లాడదు. ఆవిడ "నలుగురు... నలుగురు... నలుగురు" అంది. తర్వాత చెప్పే వంతు వచ్చినప్పుడు తలదించుకుని, "మా ఆయన పోయినరోజు మోయడానికి నలుగురు దొరకలేదయ్యా. కుర్రాళ్లంతా కువైట్లో, రొయ్యల చెరువుల మీద. పక్కూరి నుంచి పిలిపించుకున్నాం" అంది. ఎవరికీ నోట మాట రాలేదు. మేమంతా ఆ రోజు ఊళ్లోనే ఉన్నాం బావా, నాతో సహా. పనులున్నాయని సమాధికి నేరుగా వెళ్లాం. ఆరో మెట్టు దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, మా లైనులో ఎవరింట్లో చావు జరిగినా ఇంటికొకరు ఆ పూట పని మానేసి ఉండాలని అనుకున్నాం. ఇవాళ్టికీ నడుస్తోంది. మన గుడికి రానివాళ్ల ఇళ్లకి కూడా వెళ్తున్నాం, అది ఎవరూ నిర్ణయించలేదు, దానంతటదే అలా అయింది.

టిఫిన్ల సంగతి మర్చిపోకు. ఇది చిన్నదనిపిస్తుంది గానీ మా కాలనీ సమాజం దీనివల్లే ఒకసారి కూలబోయింది. మొదటింట్లో టీ ఇచ్చారు. రెండో ఇంట్లో టీతో బజ్జీలు. ఆ తర్వాత కేసరి, ఆ తర్వాత కూల్‌డ్రింకులు. ఎనిమిదో ఇంటివాళ్లు "మా ఇల్లు చిన్నదండీ, ఈసారికి వద్దులెండి" అన్నారు. ఇల్లు చిన్నదవడం కాదు, వాళ్ల దగ్గర డబ్బుల్లేవు. అప్పటినుంచి ఎవరింట్లో అయినా మంచినీళ్లే. పెద్దింటివాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారు కానీ సర్దుకున్నారు.

ఏ రోజు, ఏ టైము అన్నది గుళ్లో కూర్చుని నిర్ణయించొద్దు. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు వారం వారం అంటే ఎవరూ రారు, పదిహేను రోజులకి ఒకసారి చాలు, గంటలో ముగించండి. రొయ్యల ప్లాంటుకి షిఫ్టులకెళ్లే ఆడపిల్లలుంటే వాళ్ల సెలవు చూసుకోండి. ఈ విషయంలో మా ఆవిడ మాట బంగారం. "డ్వాక్రా మీటింగులు ఇన్నేళ్లుగా మేం నడపట్లేదా? రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతాం, తీర్మానం రాస్తాం, లీడర్ని మారుస్తాం. ఇదీ అంతే" అంది. నిజమే. నడిపించేవాళ్లుగా ఒక మగ, ఒక ఆడ ఇద్దర్ని పెట్టండి, మూడేళ్లకి మార్చండి. ఊళ్లో ప్రార్థన నడిపి వాక్యం బోధించే ఉపదేశిగారిని మాత్రం పెట్టొద్దు. ఆయన మంచివారే, కానీ ఆయనుంటే అందరూ ఆయన వైపే చూస్తారు.

డబ్బు దగ్గర జాగ్రత్త. మా దగ్గర ఒక సమాజం నెలకి వంద చొప్పున వసూలుచేసి అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఏడాదిలో ఇద్దరి మధ్య మాటల్లేవు, ఆ మనస్పర్థ ఇంకా పూర్తిగా పోలేదు. అవసరం వచ్చినప్పుడు అప్పటికప్పుడు పోగుచేసి ఇచ్చేయండి, డబ్బాలో నిలవ ఉంచొద్దు. ఎన్నికలప్పుడు కూడా అంతే. పదిళ్లు ఒకచోట కూడుతున్నాయంటే అభ్యర్థులు వెతుక్కుంటూ వస్తారు, కుర్చీలు ఇప్పిస్తామంటారు. కుర్చీలు తీసుకున్నాక నోరు లేవదు. ఆరవ పౌలు పోపుగారు ఆ 1975 లేఖలోనే రాజకీయాల వలలో చిక్కుకోవద్దనీ, స్థానిక తిరుసభనుంచి విడిపోవద్దనీ, తామే అసలైన క్రైస్తవులమని అనుకోవద్దనీ హెచ్చరించారు. ఆ మూడోది మా లంకవాళ్లకి ఒకసారి వచ్చింది, ఫాదర్‌గారు వెళ్లి వాళ్లతో నేల మీద కూర్చుని మాట్లాడాక సర్దుకుంది.

లంకవాళ్లంటే గుర్తొచ్చింది. 2022 జులైలో వరద వచ్చిందే, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. ఆ రెండ్రోజులు నేను గట్టు మీదే ఉన్నాను. పడవ వచ్చేసరికి లంకలో ఎవర్ని ముందు ఎక్కించాలనే వాదన రాలేదు. నెలలు నిండిన పిల్ల ఏ ఇంట్లో ఉంది, లేవలేని ముసలాయన ఎక్కడున్నాడు, ఎవరి షుగరు మందులు అయిపోయాయి, వాళ్లకి నోటికి తెలుసు. ప్రతి కూడికలో చివర "ఈ పదిహేను రోజుల్లో ఎవరు కనబడలేదు?" అని అడుక్కోవడం వాళ్లకి అలవాటు. ఆ ప్రశ్న మేం నేర్పింది కాదు, వాళ్లే పెట్టుకున్నారు. ఇప్పుడు అన్ని సమాజాల్లోనూ అడుగుతున్నాం.

మీ ఫాదర్‌గారికి ఒక్క విషయం వినయంగా చెప్పు. నెలకొక సమాజానికి ఆయన వెళ్లాలి, వెళ్లినప్పుడు ప్రసంగం చేయకుండా అందరితోపాటు ఒక మాట మూడుసార్లు అని కూర్చోవాలి. మా ఫాదర్‌గారు మొదటిసారి అలా కూర్చున్నరోజు ఆడవాళ్లు ఆశ్చర్యపోయి చూశారు, మరుసటి కూడికకి మరో నాలుగిళ్లవాళ్లు వచ్చారు. సలహా సంఘం చెప్పేది సలహానే, నిర్ణయం ఆయనదే, తిరుసభ చట్టం ప్రకారం అంతే. అందుకే ఆయన మనసు ఇందులో లేకపోతే ముందుకెళ్లకు, ఆగు.

తపస్సుకాలంలో విచారణంతా ఒకేసారి మొదలుపెట్టొద్దు బావా. రెండు సమాజాలు చాలు. ఎవరూ లేరన్న ఇళ్లు ఎక్కువగా ఉన్న లైను ఒకటి తీసుకో. ఈస్టరు దాటాక మిగతావి చూద్దువు గానీ.

పండగ మూడు రోజులూ అయ్యాక 18న ఆదివారం, పూజ అవగానే బయల్దేరతాను. చించినాడ వంతెన దాటితే మీ ఊరు ఎంతసేపు. మా ఆవిడ కూడా వస్తానంటోంది, మీ ఆడవాళ్లతో తను మాట్లాడుతుందట. నువ్వు ఆ లోపు ఒక్క వీధి తిరిగి ఆ ప్రశ్న అడిగి ఉంచు. తెల్లకాగితాలు నేను తెస్తాను. చెల్లెమ్మకి, పిల్లలకి మా ఆశీస్సులు చెప్పు. అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందో రాయలేదు నువ్వు, వచ్చినప్పుడు చూస్తాను.

నీ బావ