ఏడులన్నీ ఒకటి కాదండీ

ఎడిటర్ గారూ, ప్రోస్టేట్ క్యాన్సర్ మీద మీరు వేసింది చదివా, బానే ఉంది గానీ గ్లీసన్ స్కోర్ (ఆ క్యాన్సర్ ఎంత ముదురు రకమో చెప్పే అంకె) 10కి ఇంత అని రాసి వదిలేశారు, 6 వచ్చినాయన సగం దాటేసిందనుకుని హడలిపోడా? ఇప్పుడు బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టుల్లో స్కోర్ మామూలుగా మొదలయ్యేదే 6 నుంచి, అది నెమ్మది రకం, చాలామందికి వెంటనే ఆపరేషన్ చెయ్యకుండా టెస్టులతో కనిపెట్టుకుని ఉంటారు. 1960ల్లో డొనాల్డ్ గ్లీసన్ అనే పాథాలజిస్ట్ విడి కణాల్ని కాకుండా, మైక్రోస్కోప్ కింద గ్రంథుల అమరిక ఎంత చెదిరిందో చూసి 1 నుంచి 5 దాకా నంబర్లిచ్చాడు, మామూలుగా ఎక్కువ కనబడే రెండిటిని కూడితే స్కోర్, అన్నిటికంటే ఎక్కువున్నది ముందు రాస్తారు. 3+4 అయినా 4+3 అయినా మొత్తం 7 కదా అంటారు, కానీ రెండోదే ముదురు (లెక్కల మాస్టారు ఒప్పుకోరు). అందుకే 2014లో ఈ రెండు ఏడుల్నీ విడగొడుతూ, స్కోర్లని 1 నుంచి 5 గ్రేడ్ గ్రూపులుగా ఖాయం చేశారు, ఈసారి అవి కూడా వెయ్యండి.

– ఒక పాఠకుడు