నౌపడ–గుణుపురం చిన్న రైలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది ఎక్కువ కాలం ఒక్క పనికే పోయింది. చిన్న రైలును బొగ్గుతో నడిపిన రోజుల్లో షెడ్డులోనూ ఇంజిన్ మీదా పని ఎలా జరిగేదో, ఆ పని తెలిసిన పెద్దల చేత చెప్పించి రికార్డు చేశాం. లైను చరిత్ర మీకు తెలిసిందే. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజ్ (పట్టాల మధ్య దూరం) లైను 1900లో శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది. 1931కి ఒడిశాలోని గుణుపురం చేరి 90 కిలోమీటర్లయింది. 2004లో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) పనుల కోసం ఆపేశారు. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. తెల్లవారి బండికి ముందురోజు రాత్రి ఎవరు నిప్పు వేసేవారో దొరకదు.

చల్లారిన బాయిలర్‌లో ఆవిరి పుట్టడానికి గంటలు పడుతుంది. అందుకే ఊరు నిద్రపోతుండగానే షెడ్డులో పని మొదలు. బూడిద లాగి, ట్యూబుల్లో మసి దులిపి, కదిలే ప్రతి కీలుకూ నూనె పోయాలి. బయల్దేరేటప్పుడు సిలిండర్ల కింది కాక్‌లు (చిన్న కుళాయిలు) తెరిచి ఆవిరి వదిలేది ప్లాట్‌ఫారం మీది పిల్లల్ని బెదరగొట్టడానికి కాదు (చాలామందిమి అలాగే అనుకున్నాం!). లోపల చేరిన నీళ్ళు బయటకు పోకపోతే పిస్టన్ తోపుకు సిలిండర్ మూతే పగలొచ్చు.

బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. ఎత్తు ఎక్కడమే కష్టమని మనం అనుకుంటాం. పెద్దలు మాత్రం అసలు టెన్షన్ దిగేటప్పుడే అన్నారు. ఎక్కుతున్నప్పుడు బాయిలర్‌లో నీళ్ళు వెనక్కి, నిప్పుగూడు (బొగ్గు మండే గది) మీదికి వస్తాయి. దిగుడు మొదలవగానే ముందుకు జారతాయి. నిప్పుగూడు పైకప్పు మీద నీళ్ళు లేకపోతే అక్కడ రక్షణ కోసం బిగించిన సీసపు ప్లగ్గు కరిగి, ఆవిరి మంట మీద పడుతుంది. ఇక బండి అక్కడే. అందుకే ఫైర్‌మన్‌కి ఒక కన్ను ఎప్పుడూ నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు మీదే. పైగా కెర్ స్టువర్ట్ కంపెనీ చేసిన ఇక్కడి ట్యాంక్ ఇంజిన్లకు వెనక టెండర్ (నీళ్ళూ బొగ్గూ మోసే విడి బండి) ఉండదు. నీళ్ళూ బొగ్గూ ఇంజిన్ మోసినంతే. దారిలో నీళ్ళు పట్టుకోవడమూ టైంటేబుల్‌లో భాగమే.

నౌపడలో మెయిన్ లైను గేజ్ వేరు కావడంతో ఆ రోజుల్లో సరుకంతా ఒక బండిలోంచి దించి ఇంకో బండికి ఎక్కించాల్సి వచ్చేది. ఆ పని చేసిన కూలీల సంగతి మన రికార్డింగుల్లో ఇంకా చాలా తక్కువ. వచ్చే ఏడాది మొదటి పని అదే కావాలని కార్యవర్గం అభిప్రాయం.

మిగతావి క్లుప్తంగా: పాత ఫొటోల స్కానింగ్ సగంలో ఉంది. పాత షెడ్డు స్థలంలో బోర్డు పెట్టమని ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు, మళ్ళీ రాస్తున్నాం. బడిపిల్లలకు చెప్పిన పాఠం బాగా కుదిరింది. ప్రశ్నలన్నీ విజిల్ గురించే! జమాఖర్చులు విడిగా జతచేశాం.

ఇంట్లో పాత టికెట్లు, డ్యూటీ పుస్తకాలు, చేతి దీపాలు ఉన్నవారు చెప్పండి. వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి, ఫొటో తీసుకుంటాం. చందా బకాయిలు సర్వసభ్య సమావేశానికి ముందే కోశాధికారికి కట్టగలరు.

— కార్యదర్శి