నాన్నా, ఐదు నిమిషాలు చాలు

కార్క్, ఐర్లండ్
12 జనవరి 2025

నాన్నకు,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. పిల్లలకి సెలవులు అయిపోయాయి, బడికి వెళ్తున్నారు. పొద్దున్న ఎనిమిదిన్నర దాటితే గానీ వెలుతురు రావడం లేదు, సాయంత్రం ఐదు కాకుండానే చీకటి పడిపోతోంది. ఈ వారం నాకు నైట్ డ్యూటీ. ఇప్పుడే ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, నిద్రపోయే ముందు ఇది రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నువ్వు రెండు మాటలు విని అమ్మకి ఇచ్చేస్తావు. కాగితం మీద అయితే చివరిదాకా చదువుతావని నాకు తెలుసు.

అమ్మ అంతా చెప్పింది. కార్తీక మాసంలో ఎవరో పిలిస్తే ధ్యానానికి వెళ్లావట. మొదటి రోజే అందరితో పాటు గంటసేపు బాసింపట్టు వేసుకుని కూర్చున్నావట. ఎనిమిది రోజులు అలాగే కూర్చుంటే ఎడమ మోకాలు వాచిందట. తొమ్మిదో రోజు నుంచి మానేసి, "నా మనసు కోతి, నాకు ఇవన్నీ పట్టవు" అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. రైల్వేలో రిటైరైన దగ్గర్నుంచి నీకు నిద్ర సరిగ్గా పట్టడం లేదని, డ్యూటీకి వెళ్లాల్సినవాడిలా మూడింటికే లేచి కూర్చుంటున్నావని నాకు తెలుసు. ఏదో ఒక దారి దొరుకుతుందనే కదా అక్కడికి వెళ్లావు. తప్పు నీ మనసుది కాదు నాన్నా. మొదటి రోజే నీకు అంటగట్టిన ఆ గంటది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇక్కడ ముసలివాళ్ల హోముల్లో ఎలా ఉండేదో నీకు ఫోన్‌లో చెప్పేదాన్ని కాదు. నా చేతుల్లో పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలు కిటికీ అద్దం అవతల నిలబడి చూసేవాళ్లు. ఆ ఏడాది చివరికి నాకు నిద్ర లేదు, తిండి సహించేది కాదు. ధ్యానం చేస్తే మంచిదని విని నేను కూడా నీలాగే మొదటి రోజే అరగంట అలారం పెట్టుకుని కూర్చున్నాను. ఏడో నిమిషానికే గుండె దడ, ఏడుపు. లేచిపోయాను. రెండు నెలలు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒకావిడ ఉండేది, కేరళ ఆవిడ. ఆవిడకి చెప్పుకుంటే ఒకటే అంది: "మూడు నిమిషాలు కూర్చో. ఇంకాసేపు కూర్చుంటే బాగుండును అనిపిస్తున్నప్పుడే లేచెయ్." నాకు మొదట నమ్మకం కలగలేదు. మూడు నిమిషాల్లో ఏమవుతుంది? కానీ ఏ పనైనా రేపు మళ్లీ చెయ్యాలనిపించేలా ముగిస్తేనే నిలుస్తుందన్నది ఆవిడ ఉద్దేశం. ముక్కు మూసుకుని గంట భరించినవాడికి రేపటి గంట తలుచుకుంటేనే భయం వేస్తుంది. మూడు నిమిషాలు హాయిగా కూర్చున్నవాడికి రేపటి మీద భయం ఉండదు.

2021 ఫిబ్రవరిలో మూడు నిమిషాలతో మొదలుపెట్టాను. ఏడు రోజులు వరసగా ఇబ్బంది లేకుండా కూర్చోగలిగితేనే ఒక నిమిషం పెంచాలి. మధ్యలో ఒక్క రోజు తప్పినా ఆ వారం లెక్కలోకి రాదు. అలా పది నిమిషాలకి రావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. పన్నెండు దగ్గర ఆగిపోయాను. తొమ్మిదో నిమిషం దాకా బాగానే ఉండేది, ఆ తర్వాత ఒళ్లంతా దురద, కాళ్లు తిమ్మిరి, ఇంక ఎంతసేపు అన్న ఆత్రం. నెలన్నర పన్నెండు దగ్గరే ఉన్నాను. పెంచలేదు, తగ్గించలేదు. ఒక రోజు అలారం మోగాక గానీ టైము అయిపోయిందని తెలియలేదు. అప్పుడు పదమూడు. ఇరవై దాటాక నెలకి రెండు నిమిషాల కంటే ఎక్కువ పెంచలేదు. 2023లో వేసవికి మన ఇంటికి వచ్చినప్పుడు రెండు నెలలు పూర్తిగా వదిలేశాను. తిరిగొచ్చాక ముప్పై దగ్గర ఎక్కబోయి మళ్లీ దడ వచ్చి, బుద్ధిగా పదికి దిగాను. ఈసారి ముప్పైకి నాలుగు నెలల్లోనే వచ్చేశాను. ఒకసారి నడిచిన దారి ఒంటికి గుర్తుంటుంది. ఇప్పుడు నలభై ఐదు నిమిషాలు కూర్చుంటున్నాను. నాలుగేళ్లు పట్టింది.

అంత ఆలస్యమా అనుకోకు. మన చిన్న రైలు కథ నువ్వే కదా నాకు చెప్పావు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా నలభై కిలోమీటర్లు వేశారు. అక్కణ్ణుంచి గుణుపూరు చేరేసరికి 1931. ఆ రైలు 2004 దాకా నడిచింది. చిన్న పట్టాలు తీసేసి బ్రాడ్‌గేజ్ వేసిన రోజుల్లో నువ్వు పలాస వైపు పని చేస్తూ కూడా ఆ పాత లైను గురించే మాట్లాడేవాడివి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఆదివారం నీతో బీట్‌కి, అదే నువ్వు రోజూ నడిచి చూసే పట్టాల దారికి, వచ్చాను, గుర్తుందా? రెండున్నర అడుగుల లైను. నేను రెండు పట్టాల మీదా చెరో కాలూ వేసి నిలబడేదాన్ని. నీ భుజాన ఖాకీ సంచి, అందులో ఎర్ర జెండా, పచ్చ జెండా, చద్దన్నం డబ్బా. చేతిలో పొడుగు పిడి సుత్తి. ఒక చోట ఆగి, వంగి, పట్టాని బిగించి ఉంచే కీ సడలితే దాని మీద రెండు దెబ్బలు కొట్టి, వేలితో కదిపి చూసి, మళ్లీ నడిచావు. "నిన్న కూడా ఇక్కడే కొట్టానన్నావు కదా నాన్నా, మళ్లీ ఎందుకు వదులైంది?" అని అడిగాను. నువ్వు ఆగకుండానే, "బండి వెళ్తే వదులవుతుందమ్మా. మళ్లీ కొట్టడమే మన పని" అన్నావు. కీ మీద నీకు కోపం లేదు. పట్టా మీద విసుగు లేదు.

ధ్యానంలో జరిగేది అచ్చంగా అదే. ఊపిరి మీద మనసు పెడతావు. అది అమ్మ మందుల మీదకి పోతుంది, పాతపట్నంలో తీరని బాకీ మీదకి పోతుంది. పోయిందని తెలిసిన క్షణాన తెచ్చి మళ్లీ ఊపిరి దగ్గర పెట్టాలి. రెండు దెబ్బలు, ముందుకి నడవడం. అది పోవడం నీ తప్పు కాదు. నీ మనసు కోతి అన్నావు, అందరి మనసూ అంతే. తాతయ్య చదివే గీత ఆరో అధ్యాయంలో "శనైః శనైః" అని ఉంది కదా, మెల్లమెల్లగా అని. మనసు ఎటెటు పోతే అటునుంచి తిప్పి తెచ్చుకోమని వెంటనే తర్వాతి శ్లోకంలోనే ఉంది. పోతుందని తెలిసే చెప్పారు.

ముప్పై ఏళ్లకి పైగా ఎండలో వానలో పట్టాల వెంట రోజూ నడిచినవాడివి. ఓపిక గురించి నీకు నేను చెప్పేదేముంది? మనిషి ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. ఐదు నిమిషాలంటే అరవై నుంచి వంద ఊపిరులు. ఒక్క కిలోమీటరులో నువ్వు చూసే కీలు వేలల్లో ఉండేవి.

ఇంక మోకాలి సంగతి. నర్సుగా చెప్తున్నాను, విను. కాలు మడిచి కూర్చున్నప్పుడు నరాలు, రక్తనాళాలు నొక్కుకుని తిమ్మిరి వస్తుంది. కాలు చాపగానే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. మోకాలి కీలు లోపల సూదితో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవద్దు. అది సాధన కాదు, దెబ్బ. వాపు తగ్గేదాకా అసలు నేల మీద కూర్చోవద్దు. వంటింటి పక్కన ఉన్న చెక్క కుర్చీ వేసుకో. పాదాలు రెండూ నేలకి ఆనాలి, వీపు వెనక్కి ఆనించకుండా నిటారుగా ఉంచు, చేతులు ఒళ్లో పెట్టుకో. కుర్చీలో కూర్చుంటే ధ్యానం కాదని ఎవరైనా అంటే పట్టించుకోకు. వాపు తగ్గాక నేల మీద కూర్చోవాలనిపిస్తే, నైట్ పెట్రోలింగ్‌కి కప్పుకునేవాడివే, ఆ నల్ల కంబళి నాలుగు మడతలు వేసి తుంటి కింద పెట్టుకో. తుంటి కంటే మోకాళ్లు కిందికి ఉండాలి. అప్పుడు బరువు మోకాలి మీద పడదు. బీపీ మాత్ర వేసుకుంటున్నావు కాబట్టి లేచేటప్పుడు గబుక్కున లేవొద్దు. ముందు కాళ్లు చాపి, కాసేపు ఉండి, గోడ పట్టుకుని లే.

మూడింటికి మెలకువ వచ్చిందని మంచం మీదే కూర్చోవద్దు. అప్పుడు నిద్ర రాలేదన్న టెన్షన్‌తోనే కూర్చుంటావు. ఐదు దాటాక, ముఖం కడుక్కుని కూర్చో. రోజూ ఒకే చోట, ఒకే టైముకి. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరిచి ఎదురుగా నేల మీద ఒక గచ్చు బిళ్లని చూస్తూ ఉండు. నైట్ డ్యూటీ దిగాక నేను చేసేది అదే. ఏదైనా పాత విషయం పైకొచ్చి గుండె బరువెక్కిపోతే, ఆ రోజుకి అక్కడితో ఆపేసి బయటికెళ్లి నడిచిరా. పంతం పట్టి కూర్చోవడం వల్ల ఆ బరువు తగ్గదు, నేను పడి చూశాను.

ఫోన్‌లో టైమర్ నీకు గోల. దాని బదులు అగరొత్తి పెట్టుకో. మొదటి రోజు ఒకటి వెలిగించి, గోడ గడియారం చూసి, ఐదు నిమిషాలకి ఎంత కాలిందో గుర్తు పెట్టుకో. అంత కొలతకి పుల్లలు విరిచి ఒక డబ్బాలో వేసుకో. ఒకే రకం అగరొత్తులు వాడు, రకం మారితే కాలే వేగం మారుతుంది. కాస్త దూరంగా వెలిగించు, పొగ నీ మీదకి రాకూడదు. రెండు వారాలు అంతే. ఆరిపోయిందని చూసేసరికి "అప్పుడేనా" అనిపించడం మొదలైతే, తర్వాతి వారం పుల్ల కొంచెం పొడుగ్గా విరుచు. అలా అనిపించకపోతే అదే కొలత ఉంచు. జ్వరమో, పెళ్లో, ఊరెళ్లడమో వచ్చి నాలుగు రోజులు తప్పితే మళ్లీ పొట్టి పుల్ల దగ్గరికి దిగు. దిగడంలో చిన్నతనం లేదు. నేను ముప్పై నుంచి పదికి దిగాను కదా.

నీతో పాటు వెళ్లేవాళ్లెవరో మహారాష్ట్రలో ఇగత్‌పురి వెళ్దాం, పది రోజుల విపశ్యన ధ్యానం చేద్దాం అన్నారని కూడా అమ్మ చెప్పింది. అది మంచి చోటే. విపశ్యన నేర్పించిన గోయెంకా గారు పెట్టిన కేంద్రం, 1976 నుంచి నడుస్తోంది. డబ్బు అడగరు. కానీ అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోబెడతారు, పదో రోజు దాకా మాట్లాడకూడదు. అక్కడ కూడా మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని చూడడమే నేర్పిస్తారు. ఆ తర్వాతే కదలకుండా గంటసేపు కూర్చోమంటారు. నీకు ఇంట్లో ముప్పై నిమిషాలు అలవాటయ్యాక, మోకాలు డాక్టరుకి చూపించాక వెళ్దువుగాని. వద్దని చెప్పడం లేదు, ముందు ఇల్లు దాటకుండా కూర్చోవడం రానీ.

నువ్వు రైల్వే గ్యాంగులో చేరిన కొత్తలో నీకు వెంటనే బీట్ ఇవ్వలేదని చెప్పేవాడివి. ముందు కంకర ఎత్తడం, ఆ తర్వాత పట్టా చూడడం నేర్చుకున్నాక, అప్పుడే కదా కీమాన్‌వి అయ్యావు. ఈ పనిలో మాత్రం మొదటి రోజే ఎందుకు అంత ఆత్రపడ్డావు నాన్నా? నిద్ర లేక అల్లాడిపోయావు కాబట్టి. అది నాకు అర్థమైంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇంకొక మాట. నీకు తెల్లవారుజామున ఐదున్నర అయితే ఈ చలికాలంలో నాకు సరిగ్గా రాత్రి పన్నెండు. డ్యూటీలో ఆ టైముకి నాకు బ్రేక్. లినెన్ గదిలో, ఉతికిన దుప్పట్ల అరల పక్కన ఒక స్టూలు ఉంది. నువ్వు ఐదున్నరకి అగరొత్తి వెలిగిస్తే నేను ఆ స్టూలు మీద ఐదు నిమిషాలు కూర్చుంటాను. నా నలభై ఐదు నిమిషాలు వేరే, ఇవి నీతో కలిసి. ఫిబ్రవరి ఒకటో తేదీ శనివారం. ఆలోపు ఈ ఉత్తరం నీకు చేరితే ఆ రోజు నుంచి మొదలుపెడదాం. చేరకపోయినా నేను కూర్చుంటాను.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి

అమ్మకి: కంబళి పెట్టె అడుగున ఉంటుంది, కలరా ఉండల వాసన పోయేదాకా రెండు రోజులు ఎండలో వెయ్యి. నాన్న కూర్చున్నంతసేపు టీ తెచ్చి పిలవొద్దు. ఐదు నిమిషాలేగా.