సంఘం బియ్యం

బావా,

వందనాలు. కువైట్‌లో చలి మొదలైందా? ఇక్కడ నరసాపురంలో రెండు రోజులుగా ముసురు. అరుగు మీద కూర్చుని రాస్తున్నా, అక్షరాలు వంకర పోతే తిట్టుకోకు.

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. "దేవుడు చూసుకుంటాడు అనడం తేలికేరా, ఒకటో తారీఖున బ్యాంకు అప్పు వాయిదా కూడా ఆయనే కడతాడా?" అన్నావు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఎందుకంటే రెండు నెలలుగా నేనూ అదే అడుగుతున్నా, కాకపోతే పైకి అనడానికి ధైర్యం చాలలేదు. మన చర్చి సంఘం లెక్కలు రాసేవాణ్ణి కదా.

రొయ్యల ప్లాంట్ సంగతి నీకు సగమే చెప్పాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక ముందు వారానికి మూడు రోజులు రమ్మన్నారు, తర్వాత కబురు చేస్తామన్నారు. ఆ కబురు ఇంకా రాలేదు. రొయ్యలు కిలోకి నలభై కౌంటా యాభై కౌంటా అని చేతితో తూచి చెప్పేవాణ్ణి, ఇప్పుడు కొట్టువాడి ఖాతా పుస్తకంలో నా పేజీ తూచుకుంటున్నా. నీ చెల్లెలు లేసు అల్లుతోంది. రాత్రి పదకొండు దాకా అల్లినా ఎంతొస్తుందో నీకు తెలియంది కాదు, మీ అమ్మా అల్లింది కదా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పోయిన ఆదివారం సాయంత్రం పిన్ని వచ్చింది, అదే, కొట్టు పక్కింటి పిన్ని. చేతిలో సంచి. చూడగానే గుర్తుపట్టాను. మన మందిరంలో పిడికెడు బియ్యం పోసే సంచి! ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఓ పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి పోస్తుంది చూడు, ఆ బియ్యం. ఎనిమిదేళ్లుగా ఆ సంచి మోసుకెళ్లి లేనివాళ్ల గుమ్మంలో పెట్టింది నేనే. ఇప్పుడు నా గుమ్మంలోకి వచ్చింది. "పిన్నీ, మాకెందుకు" అన్నాను. ఆవిడ సంచి గోడకి ఆనించి, "తడవనీయకండి" అని వెళ్లిపోయింది. అంతే. ప్రార్థన కూడా చెయ్యలేదు. చేసుంటే ఏడ్చేవాణ్ణే.

ఆ అన్నం ఎలా ఉడుకుతుందో తెలుసా? ఒకరింటి సోనామసూరి, ఒకరింటి కోటా బియ్యం, ఎవరో పోసిన పాతబియ్యం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. కొంత మెత్తబడి ముద్దవుతుంది, కొంత పలుకు పలుకుగా ఉంటుంది. పిల్లాడు "ఇదేం అన్నం?" అన్నాడు. నీ చెల్లెలు "సంఘం అన్నం, తిను" అంది. ఎనిమిదేళ్లు మోశాను గానీ అది ఇలా ఉడుకుతుందని నాకు తెలియదు బావా.

ఆ రాత్రి పరలోక ప్రార్థన చెబుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. "మా అనుదినాహారము" అని ఉంది. "నా" అని లేదు. చిన్నప్పట్నుంచీ బట్టీపట్టి గడగడా చెప్పేస్తాం, ఎప్పుడు చూశాం? ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన మన్నా కూడా అంతే, ఏ రోజుది ఆ రోజు ఏరుకోవాలి, రేపటికని దాస్తే పురుగు పట్టింది. (వాళ్లకి మా ప్లాంట్ కోల్డ్ స్టోరేజీ లేదులే.) ఏలీయా ప్రవక్తకి కాకులు రొట్టె తెచ్చాయని అందరూ చెబుతారు గానీ, ఆ తర్వాత కెరీతు వాగు ఎండిపోయిందని ఎవరూ గట్టిగా చెప్పరు. వాగు ఎండాక దేవుడు పంపింది ఎవరింటికి? సారెపతులో విధవరాలింటికి. ఆమె దగ్గరున్నది పట్టెడు పిండి. పట్టెడంటే పిడికెడే కదా.

కానుక విత్తనంలా వేస్తే వందరెట్లు వస్తుందంటూ టీవీలో అరిచే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికన్నా ఇంగ్లండ్‌లో అనాథల్ని సాకిన బోధకుడు జార్జి ముల్లర్ నయం. పొద్దున్నే పాలబండి విరిగి పిల్లలకి పాలు దొరికిన కథ మనం వంద ప్రసంగాల్లో విన్నాం. నాకు నచ్చేది ఆయన లెక్కల పుస్తకం. 1830లో జీతం వద్దనుకుని మందిరంలో ఓ కానుకల పెట్టె పెట్టించాడు. 1836లో బ్రిస్టల్‌లో అనాథ పిల్లలకి ఇల్లు తెరిచాడు. 1898లో పోయేలోపు పదివేలమందికి పైగా పిల్లల్ని సాకాడు. అప్పు చెయ్యలేదు, ఫలానాది కావాలని ఏ మనిషినీ అడగలేదు, వచ్చిన ప్రతి పెన్నీ రాసిపెట్టాడు. విశ్వాసం ఉన్నవాడికి లెక్క అక్కర్లేదనే వాళ్లకి ఆ పుస్తకాలు చూపించాలి.

ఇంకో సంగతి, నువ్వు ఎగిరి గంతేస్తావు. ముల్లర్ భార్య మేరీ అన్నగారే ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పళ్ల వైద్యం మానేసి సువార్త చెప్పడానికి బయల్దేరినాయన. అదే 1836లో ఆయన వెంట ఇండియాకి వచ్చి, మనవైపు చేరిన మిషనరీలే బౌడెన్, బీర్. (పేరు చూసి నవ్వకు.) ఒకాయనది రాతిపని, ఇంకొకాయనది చెప్పులు కుట్టే పని. నెలజీతం ఇస్తామన్న వాళ్లెవరూ లేరు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, డొక్కల కరువు పోయి మూడు నాలుగేళ్లే అయింది. అలాంటి గోదావరి జిల్లాకి భార్యల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మన తాతల మందిరాలు అక్కణ్ణుంచి వచ్చినవే. వాళ్లకీ ఏదో ఒక రోజు ఎవరో గుమ్మంలో సంచి పెట్టే ఉంటారని నా ఊహ.

నీ వాయిదా సంగతి నాకు తెలియదు బావా. దేవుడు కడతాడని నేను మాటివ్వలేను. బ్యాంకువాడితో మాట్లాడు, గడువు అడుగు, అది అవిశ్వాసమేం కాదు. నేనూ రేపట్నుంచి పాలకొల్లులో ఒక బియ్యం మిల్లుకి వెళ్తున్నా, రోజుకూలీకి. మూటలు మొయ్యడం నాకు కొత్తేం కాదులే.

మొన్న నువ్వు ఓ రెండువేలు పంపనా అంటే అక్కర్లేదు, అంతా బాగానే ఉందని కోశాను. బాగాలేదు. ముల్లర్ అయితే ఇలా రాసేవాడు కాదు, నేను ముల్లర్‌ని కాదు. నీకు ఇబ్బంది లేకపోతేనే పంపు. ఫోన్ పే నంబరు పాతదే.

నీ చెల్లెలు అడిగానని చెప్పమంది. పిల్లాడికి చాక్లెట్లు మర్చిపోకు.

నీ బావ